పాదుకి మూడు మొక్కలు

"వదినా, ఒక్క మాట చెప్పు. ఆడ మొక్కేదో పోతు మొక్కేదో నీకు నిజంగా తెలుసా, తెలీదా?"

"తెలుసు. తేడా నీ నేలలో ఉంది."

నేనూ మా ఆడపడుచు చంద్రమ్మా మాట్లాడుకున్న వాటిలో ఇవే ఆఖరి మాటలు. ఆవిడ ఆత్రేయపురంలో ఉంటుంది, నేను కడియం దగ్గర. బస్సెక్కితే పూటలో వెళ్ళి రావచ్చు. మా ఆయన పోయినప్పుడు వచ్చింది. అన్నగారి కాళ్ళ దగ్గర కూర్చుని లేచి వెళ్ళింది. నా వంక చూసింది గానీ మాట్లాడలేదు. అడిగినదానికి నేను జవాబు చెప్పేశాను కదా, ఇంకేం మాట్లాడుతుంది.

ఇది రాస్తున్నది ఆవిడ కూతురు రమణి. నాకు సంతకం వరకే వచ్చు, నేను చెబుతుంటే అది రాస్తోంది. వ్యవసాయం డిప్లొమా పాసయ్యింది, ఇక్కడ ఒక నర్సరీలో నారు చూసుకునే ఉద్యోగం దొరికింది, మా ఇంట్లోనే దిగింది. వాళ్ళమ్మ వెళ్ళమనలేదట, వద్దనీ అనలేదట. "అత్తా, అంతకాలం చేశావు కదా, ఈ పని అసలు ఎలా ఉంటుందో చెప్పు, రాసి పెడతాను, నాతోపాటు కొత్తగా చేరేవాళ్ళు కూడా చదువుకుంటారు" అంది. సరే అన్నాను గానీ ఎక్కడ మొదలెట్టాలో తోచలేదు. చివరికి పైన ఉన్న ఆ రెండు మాటలే ముందు రాయమన్నాను. అవి లేకుండా తక్కినది ఎంత చెప్పినా గొప్పలు చెప్పుకున్నట్టే ఉంటుంది. రాస్తూ ఒకసారి పెన్ను ఆపింది. నేను తల తిప్పుకున్నాను. మళ్ళీ రాసింది.

వందలో ఎన్ని

నర్సరీకి వచ్చేవాళ్ళు పూలు చూస్తారు. మాకు కనిపించేవి నల్ల కవర్లు. మట్టీ, పశువుల ఎరువూ కలిపి కవర్లు నింపడం, గింజ పెట్టడం, మొలిచాక నీడలో ఉంచి మెల్లిగా ఎండకి అలవాటు చెయ్యడం, లారీకి ఎక్కించడం. పెళ్ళయి వచ్చిన కొత్తలో కవర్లు నింపడానికి వెళ్ళినదాన్ని, మోకాళ్ళు మొరాయించేదాకా అదే నర్సరీలో ఉన్నాను. మా ఆయన వెంకన్న అక్కడే నీళ్ళు పెట్టేవారు.

చేరగానే అందరూ అంట్లు కట్టడం నేర్పమంటారు. అది చేతికి దానంతట అదే వస్తుంది. ముందు నేర్చుకోవాల్సింది, వందలో ఎన్ని అని అడగడం. పది గింజలు పెడితే ఎనిమిది మొలుస్తాయి అనుకోండి. మొలిచినవాటిలో సగమే ఎండకి తట్టుకుంటాయి అనుకోండి. అప్పుడు పది గింజలకి చేతికొచ్చేది నాలుగు మొక్కలు. ఎనిమిదిలో సగం. గింజ రెండు గండాలూ దాటాలి, ఒకటి దాటితే చాలదు. అందుకని ఒక గండం దాటినవాటిలో మళ్ళీ రెండో గండం ఎన్ని దాటతాయో చూడాలి.

మా పాత మేస్త్రి ఒకాయన వంద గింజలు పెట్టి, ఎనభై మొలకలు చూసి మురిసిపోయి, ఎనభై మొక్కలకి ఆర్డరు ఒప్పేసుకున్నారు. లారీ వచ్చేసరికి నలభై నిలబడ్డాయి. చచ్చిన నలభైకీ నీళ్ళు సరిగ్గా పెట్టలేదని మా ఆయన్ని తిట్టారు. నేను ఆ మేస్త్రిని చూసి చాటుగా నవ్వాను. మొక్క చస్తే నీళ్ళవాడిదే తప్పా అని ఇంటికొచ్చి కూడా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. నేను చేసింది దానికంటే ఏం మేలు.

బొప్పాయి సంగతి

తక్కిన మొక్కల్లో ఈ గొడవ లేదు. మామిడి మామిడే, జామ జామే. నాటు బొప్పాయిలో మాత్రం ఆడ చెట్టు వేరు, పోతు చెట్టు వేరు. ఆడ చెట్టు కాస్తుంది. పోతు చెట్టు పూస్తుంది, అంతే. పోతూ అక్కర్లేదని కాదు, పది ఆడ చెట్లకి ఒక పోతు ఉంటేనే పిందె నిలుస్తుంది. కానీ తోట నిండా పోతులుంటే మనం తినేది ఏంటి.

మొక్క జానెడు ఉన్నప్పుడు ఏది ఏదో తెలీదు. పూత వచ్చేదాకా ఎవరికీ తెలీదు. ఎవరికీ అంటే నాక్కూడా. ఈ మాట అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

రెండే అవుతాయి, ఆడదో పోతో. ఏది అవ్వడానికైనా వీలు సమానమే. మనకి కావలసింది ఆ రెండింట్లో ఒకటి. అందుకని రెండింట ఒకటి అంటాం, సగం అంటాం. రమణి పుస్తకంలో దీన్నే సంభావ్యత అన్నారట. ఎన్ని రకాలుగా జరగొచ్చో కింద వేసి, అందులో మనకి కావలసినవి ఎన్నో పైన వెయ్యడమే అంది. అంతే అయితే అది నాకు నర్సరీలో మొదటి ఏడే తెలియాల్సింది.

అందుకే పాతకాలం నుంచీ రైతులు పాదుకి మూడు మొక్కలు పెడతారు. పూత వచ్చాక చూసి, ఒక ఆడదాన్ని ఉంచి మిగతావి తీసేస్తారు. ఎందుకు మూడు అని నేను ఎప్పుడూ అడగలేదు. నా చేతి మొక్కలకి అవసరం లేదనుకునేదాన్ని.

నాకు పేరొచ్చింది

పెనుగొండ నుంచి ఒకాయన పెరట్లోకని నాలుగు బొప్పాయి మొక్కలు అడిగారు. బాగున్నవి ఏరి ఇవ్వమ్మా అన్నారు. కాండం లావుగా, ఆకులు దగ్గర దగ్గరగా ఉన్నవి నాలుగు చూసి ఇచ్చాను. ఏడాది తిరిగాక సంచీ నిండా పళ్ళు పట్టుకుని వచ్చారు. "నాలుగూ కాశాయండి. పోతు పక్కింటి పెరట్లో ఉంది గానీ మా నాలుగింట్లో ఒక్కటీ లేదు. ఈవిడ హస్తవాసి మామూలుది కాదు" అని అందరి ముందూ అన్నారు.

మా నర్సరీ ఆసామి సూర్యారావుగారు విన్నారు. ఆ రోజునుంచి బొప్పాయికి ఎవరొచ్చినా, "మా సత్తెమ్మని ఏరి ఇవ్వమంటానండి, ఆడవే వస్తాయి" అనేవారు. నేను ఏరేదాన్ని. లావు కాండం ఆడది, సన్నగా సర్రున లేచింది పోతు, ఇదీ నా విద్య. ఎవరూ నేర్పలేదు, నాకు నేనే అనుకున్నాను. అబద్ధం చెబుతున్నానని అప్పట్లో నాకు తెలీదు. నిజంగానే నమ్మాను. నలుగురూ అమ్మా అమ్మా అని చుట్టూ నిలబడితే నమ్మకపోవడానికి నాకు బలం చాలలేదు.

ఇప్పుడు రమణి కాగితం మీద గీసి చూపించింది. నాలుగు మొక్కలు ఇస్తే పదహారు రకాలుగా పడొచ్చట. రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది, ఎనిమిది రెళ్ళు పదహారు. అందులో నాలుగూ ఆడవి అయ్యేది ఒకటి. అంటే కళ్ళు మూసుకుని ఇచ్చినా, పదహారు మందికి ఒకరు చొప్పున సంచీతో రావాల్సిందే. నేను ఎంతమందికి ఇచ్చుంటాను. మిగతావాళ్ళు ఏమయ్యారని ఏనాడూ అడగలేదు. పోతులొచ్చినవాళ్ళు రెండు మొక్కల కోసం బస్సెక్కి దెబ్బలాటకి రారు. పళ్ళొచ్చినవాళ్ళే వస్తారు. ఎప్పుడన్నా ఒకరు వచ్చి పోతులొచ్చాయని అంటే, మిట్టమధ్యాహ్నం నీళ్ళు పోశారా అని అడిగేదాన్ని. ఎప్పుడో ఒకసారి పొయ్యనివాళ్ళు ఎవరుంటారు? తల దించుకుని వెళ్ళిపోయేవారు. వాళ్ళ తల దించిన పాపం కూడా నాదే.

సూర్యారావుగారు జీతం దగ్గర మంచివారు. పండక్కి బట్టలు, ఒంట్లో బాగాలేకపోతే ఆటోలో పంపడం, అన్నీ ఉన్నాయి. ఒకసారి ఆయన సొంత పొలంలో బొప్పాయి వేశారు. మొక్కలు నా చేతే ఏరించారు. మా ఆయన అక్కడికి పనికి వెళ్ళొచ్చి, నవ్వు ఆపుకుంటూ చెప్పారు, "ఏమే, నువ్వు ఏరిన మొక్కలే, పాదుకి మూడేసి పెట్టిస్తున్నారు మీ ఆసామి."

నాకు మండింది. ఆయన చాదస్తం అన్నాను. యజమాని నోటితో ఏం అమ్ముతున్నాడో కాకుండా, తన పొలంలో ఏం చేసుకుంటున్నాడో చూడాలని కొత్తగా చేరేవాళ్ళకి చెబుతున్నాను. నాకు చూపించినా చూడలేదు.

చింతగింజలు

మా ఆయనకి చదువు లేదు. చిన్నప్పుడు చెల్లెలితో అష్టాచెమ్మ ఆడీ ఆడీ గింజలు ఎలా పడతాయో బాగా తెలుసు. ఒకరోజు మూడు చింతగింజలు ఒకవైపు అరగదీసి తెచ్చి అరుగు మీద కూర్చున్నారు. తెలుపు పడితే ఆడ, నలుపు పడితే పోతు, చూడు అన్నారు.

ఒక గింజ వేస్తే తెలుపో నలుపో. రెండు వేస్తే నాలుగు రకాలు. తెలుపు తెలుపు, తెలుపు నలుపు, నలుపు తెలుపు, నలుపు నలుపు. రెండూ నలుపయ్యేది నాలుగింట ఒకటి. మూడు వేస్తే ఎనిమిది రకాలు, మూడూ నలుపయ్యేది ఎనిమిదింట ఒకటి. అంటే పాదుకి మూడు పెడితే ఎనిమిది పాదుల్లో ఏడు కాస్తాయి. ఒకటి పెడితే సగం. ఇంతే లెక్క, దీనికి హస్తవాసి ఎందుకు అన్నారు.

"నువ్వు ఏరినా, నేను ఏరినా, మేక ఏరినా సగం సగమేనే."

"అయితే రేపట్నుంచి మేకనే పెట్టుకోమనండి మీ ఆసామిని."

"మేక అయితే ఏరినవి తినేస్తుంది. నువ్వే నయం."

నవ్వొచ్చింది గానీ కోపం తగ్గలేదు. గింజలు లాక్కుని నేనూ వేశాను. మూడూ నల్లగా పడ్డాయి. మళ్ళీ వేస్తే మళ్ళీ మూడూ నలుపే. "ఏదండీ మీ ఎనిమిదింట ఒకటి" అని దెప్పాను. ఎనిమిదికి ఒకటి అంటే వరసలో ఎనిమిదోది అని కాదు, కాసేపు వేస్తూ ఉంటే అక్కడికి వచ్చి ఆగుతుంది అన్నారు. అలాగే, రెండుసార్లు నలుపు పడిందని మూడోసారి తెలుపు మనకి బాకీ పడదు అని కూడా అన్నారు. గింజకి గుర్తుండదు కదా. నేను వినలేదు, వంటింట్లోకి వెళ్ళిపోయాను. చింతగింజ అచ్చంగా సగం సగం పడదు మావయ్యా, రూపాయి బిళ్ళ మేలు అని అప్పుడు తనుంటే చెప్పేదట రమణి. వాళ్ళ మావయ్య ఉంటే దీన్ని పక్కన కూర్చోబెట్టుకుని రోజంతా బిళ్ళలు ఎగరేసేవారు.

చంద్రమ్మ తోట

చంద్రమ్మ పెళ్ళయినప్పటి నుంచీ పూతరేకులు తీసేది. బోర్లించిన కుండ, కింద మంట, పైన పిండినీళ్ళల్లో ముంచిన గుడ్డ పరిచి లాగడం. ఎండాకాలం వానాకాలం ఒకటే సెగ. చేతులు కమిలిపోయి, కళ్ళు ఎర్రగా ఉండేవి. ఎలాగైనా ఆ కుండ దగ్గర్నుంచి లేవాలని ఉండేది. మొగుడూ పెళ్ళాం కలిసి గోదావరి మధ్య లంకలో కాస్త భూమి రెండేళ్ళకి కౌలుకి పట్టారు. బొప్పాయి వేస్తాం, నాలుగు వందల పాదులు, మొక్కలు నువ్వే ఏరి ఇవ్వాలి వదినా అంది.

మా ఆయన మూడేసి తీసుకెళ్ళమన్నారు. పన్నెండు వందల మొక్కలు పడవ మీద దాటించాలి, మోసుకెళ్ళాలి, అన్నిటికీ నీళ్ళు పొయ్యాలి. చంద్రమ్మ నా వంక చూసింది. నేనే అన్నాను, "నా చేతి మొక్కలకి మూడెందుకు? ఒక్కటి చాలు. కావాలంటే పక్కనున్న తోటవాళ్ళని అడుగు సత్తెమ్మ ఎవరో." ఆవిడ నమ్మింది. మా ఆయన ఇంకో మాట అనబోతే నేను చూసిన చూపుకి ఊరుకున్నారు. చెల్లెలి ముందు పెళ్ళాం మాట కాదంటే బాగుండదనుకున్నారు. ఇంటి మర్యాద అలా అడ్డం వచ్చింది, దాన్ని అడ్డం పెట్టుకున్నది నేను.

మొక్కలన్నీ నేనే ఏరాను. పొద్దున్నించీ వంగి వంగి, ఒక్కోటీ తిప్పి చూసి. అంత శ్రద్ధగా నా జన్మలో ఏ పనీ చెయ్యలేదు.

పూత వచ్చిందని కబురు పెడితే ఇద్దరం వెళ్ళాం. చంద్రమ్మ గట్టు మీదకి ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. "చూడు వదినా, ఎంత పూతో. గుత్తులు గుత్తులు. వాసన చూడు, మల్లెతోటలా లేదూ?"

నాకు దూరం నుంచే తెలిసిపోయింది. ఆడ పువ్వు కాండానికి అతుక్కుని ఒంటరిగా ఉంటుంది, వాసన కూడా అంతంతే. పొడుగాటి కాడలతో గుత్తులుగా వేలాడి ఘుమఘుమలాడేది పోతు. సగానికి పైగా అవే. ఆవిడ పూత ఎక్కువుంటే కాయ ఎక్కువనుకుంది. చేతులు తిప్పుతూ ఏ చెట్టుకి ఎన్ని కాస్తాయో చెబుతోంది. మా ఆయన నా మొహం చూసి, చెప్పేదేదో నువ్వే చెప్పు అన్నట్టు పక్కకి వెళ్ళిపోయారు. నేను అప్పుడు చెప్పలేదు. మజ్జిగ తాగి వచ్చేశాను.

ఆ వానాకాలం రోజూ గోదావరి వంక చూశాను. వరదొచ్చి లంక మునిగితే బాగుండునని. ఆడదీ పోతూ అన్నీ కలిపి కొట్టుకుపోతే నా పరువు నిలబడుతుందని. ఆడపడుచు తోట మునగాలని కోరుకున్న మనిషిని నేను. ఆ ఏడు వరద రాలేదు.

తరవాత పక్క తోటవాళ్ళు చెబితే చంద్రమ్మకి తెలిసింది. మా గుమ్మంలోకి వచ్చి నిలబడి అడిగింది. మొదట రాయించిన మాటలు అవే. కోపంగా అడగలేదు. తెలీదు అని నేను అంటే, సర్లే వదినా అని లోపలికొచ్చి కూర్చునే గొంతుతో అడిగింది. నేను తప్పు నేలదన్నాను. ఇసక ఎక్కువైతే ఆడది పోతవుతుంది అని కూడా అప్పటికప్పుడు పుట్టించాను.

రమణి చెప్పింది

ఇక్కడిదాకా చెప్పి, మొదటి తప్పు లెక్కది, ఒకటి పెట్టించడం వల్ల సగం తోట పోయింది అని రాయమన్నాను. రమణి రాయలేదు. పెన్ను పక్కన పెట్టింది.

"సగం పోతులవ్వడం వల్ల తోట పోలేదత్తా. అమ్మ పోతు చెట్లు కొట్టనివ్వలేదు. నేల తేడా అని నువ్వన్నావు కదా, నేల బాగుచేస్తే మారతాయనుకుంది. ఎరువు గంపలతో మోసి వాటికే వేసింది. కాసే చెట్లకి వెయ్యాల్సిందంతా వాటికే. నాన్న కొట్టేసి కొత్త మొక్కలు పెడదామంటే, వదిన అబద్ధం చెప్పదు అంది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. నేనూ చిన్న గంప మోశాను."

నాకు ఈ సంగతి తెలీదు. వెంటనే కొట్టేసి పాదుకి మూడు పెట్టుకుని ఉంటే రెండో ఏడు పళ్ళు అమ్ముకునేవారు. కౌలు గడువు అయ్యేదాకా పోతుల్ని మేపింది. ఆ తరవాత మళ్ళీ కుండ దగ్గరే కూర్చుంది, ఇప్పటికీ అక్కడే ఉంది. లెక్క తప్పితే సగం పోతుంది, సగం మిగులుతుంది. ఆ మిగిలిన సగం నా మాటకి పోయింది. ఇన్నేళ్ళూ నేను సిగ్గుపడుతున్నది తప్పు చోట.

ఇది కూడా రాయనా అని అడిగింది. రాయి అన్నాను.

చేరబోయేవాళ్ళకి

నాటు బొప్పాయి అడిగితే పాదుకి మూడని చెప్పండి. ఎనిమిది పాదులకి ఒకటి అప్పటికీ ఖాళీ అవుతుందని కూడా చెప్పండి. నాలుగు వందల పాదులకి యాభై. అది ముందే వింటే రైతు యాభై పోయినప్పుడు తనని తాను తిట్టుకోడు. ఇప్పుడు కంపెనీ విత్తనాల్లో పోతులే రాని రకాలొచ్చాయి. వాటికి ఈ సగం లెక్క పనికిరాదు, అందుకని ముందు విత్తనం ఏదో అడగండి. బాగా వచ్చిందని ఎవరైనా సంచీతో వస్తే సంతోషించి, రానివాళ్ళు ఎంతమందో కూడా కనుక్కోండి. ఎవరైనా మీ హస్తవాసి మంచిదంటే తీసుకోకండి. తీసుకుంటే ఇక దించుకోలేరు.

తెలీదు అనడం ఉద్యోగంలో కష్టం. చుట్టాల దగ్గర ఇంకా కష్టం. నేను చెయ్యలేకపోయినదాన్ని చెయ్యమని మీకు ఏ మొహంతో చెప్పను. అయినా చెబుతున్నాను.

చాలు రమణీ, ఇక రాయకు. కాగితాలన్నీ వరసగా పెట్టుకో. దీన్ని మీ అమ్మకి ఫోనులో చదివి వినిపిస్తానన్నావు, ఆవిడ వింటుందో పెట్టేస్తుందో ఆవిడిష్టం. ముందు నాకు చదువు. నేలమీదకో నీళ్ళమీదకో మీ మావయ్య మీదకో నేను మాట నెట్టినట్టు ఎక్కడైనా అనిపిస్తే అక్కడే ఆగు, మళ్ళీ చెబుతాను. నువ్వు గంప మోసిన చోటు మెల్లిగా చదువు. చదువొచ్చినవాళ్ళు వద్దనుకున్న చోట కళ్ళతో దాటేస్తారు. నాకున్నవి చెవులే, దాటడానికి లేదు. చదువమ్మా.